‘ఠక్కున బందైతది’: ఒక ఫిర్యాదుకు ప్రతిపదార్థం

అవతారిక

రిపేరు బల్ల మీదికి వచ్చే ప్రతి ల్యాప్‌టాప్ వెంటా ఒక వాక్యం వస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్లు రోజంతా వినే వాక్యాలు ఓ పదో పదిహేనో ఉంటాయి. ‘హ్యాంగవుతోంది’, ‘డిస్‌ప్లే రావట్లేదు’, ‘బ్యాకప్ ఆగట్లేదు’. విన్న మాటే కదా అని సగం వింటూనే స్క్రూడ్రైవర్ అందుకుంటాం. నేనూ చాన్నాళ్లు అలాగే అందుకున్నాను.

ఒకసారి ఒక స్కూలు మాస్టారు వచ్చారు. ఛార్జర్ తీస్తే ఆగిపోతోందన్నారు. బ్యాటరీ మార్చి పంపించాను. మూడో రోజున మళ్లీ అదే సంచీ, అదే మాట. ఈసారి కూర్చోబెట్టి అడిగితే, ఆగిపోయే ముందు తెర నీలంగా మారుతోందని చెప్పారు. తప్పు వైఫై డ్రైవర్‌ది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు కరెంటు ఆదా చేయడానికి విండోస్ వైఫై కార్డును నిద్రపుచ్చుతుంది. ఆ డ్రైవర్ దాన్ని మళ్లీ లేపలేక విండోస్ మొత్తాన్నీ కూలదోస్తోంది. డ్రైవర్ మార్చడానికి పావుగంట పట్టింది. బ్యాటరీ డబ్బు ఆయనకు తిరిగిచ్చేశాను గాని, బడికి సెలవు పెట్టుకుని తిరిగిన రెండు రోజులు తిరిగివ్వలేకపోయాను. నేను అడిగి ఉంటే ఆ నీలం తెర మాట ఆయన మొదటి రోజే చెప్పేవారు.

అప్పటినుంచి ఫిర్యాదును పద్యం విన్నట్టు వింటున్నాను. పాతకాలం పంతుళ్లు పద్యానికి అర్థం చెప్పేటప్పుడు ఒక్క పదం కూడా వదిలేవారు కాదు. మూలం చదివి, అన్వయం కుదుర్చుకుని, ప్రతిపదార్థం చెప్పి, ఆ తర్వాతే తాత్పర్యానికి వచ్చేవారు. ల్యాప్‌టాప్ జబ్బుకూ ఆ వరసే సరైనది. లోపం ఎక్కడుందో తెచ్చినవాళ్ల మాటలోనే ముప్పాతిక వంతు ఉంటుంది.

మూలం

హుజూరాబాద్ వైపు నుంచి వచ్చి, హైదరాబాద్ హాస్టల్లో ఉంటూ బీటెక్ చివరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇంకా రెండు రోజులుందనగా ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి ఇలా అంది:

“అన్నా, ఛార్జర్ పెట్టినంతసేపు మంచిగనే నడుస్తది. తీస్తె మాత్రం నలభై పర్సెంట్ ఉన్నా ఠక్కున బందైతది. కొత్త బ్యాటరీ వెయ్యి.”

అన్వయం

పద్యంలో పదాలు ఛందస్సు కోసం అటూ ఇటూ సర్దుకుంటాయి. అన్వయం చెప్పేవాడు వాటిని అర్థం వచ్చే వరసలో పేర్చుకుంటాడు. ఈ ఫిర్యాదులో అసలు సంగతి క్రియలో ఉంది, అది రెండో వాక్యం చివర ఉంది. కాబట్టి అక్కడినుంచి మొదలుపెట్టి వెనక్కి నడవాలి. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏ స్థితిలో జరిగింది, ఏం మారితే జరిగింది. ఈ నాలుగూ తేలాకే ‘కొత్త బ్యాటరీ’ దగ్గరికి రావాలి.

బందైతది

బంద్ కావడం అంటే ఆగిపోవడం. కానీ ల్యాప్‌టాప్ నాలుగు రకాలుగా ఆగుతుంది, నాలుగింటికీ మన నోట ఇదే మాట వస్తుంది. ఏ రకమో తేల్చకుండా ముందుకు అడుగు వేయకూడదు.

మొదటిది చీకటి. తెర, ఫ్యాను, లైటు అన్నీ ఒక్కసారిగా పోతాయి. ఏ సందేశమూ ఉండదు. ఇది కరెంటు అందకపోవడం. బ్యాటరీ, దాని కనెక్టర్, బోర్డు మీద కరెంటు వచ్చే దారి, ఈ మూడింటి మీదే అనుమానం.

రెండోది నీలం తెర. కొత్త విండోస్‌లలో నల్ల తెర కూడా వస్తోంది. ఏ రంగైనా, కింద ఒక సంకేతం రాసి ఉంటే కరెంటు అందుతూనే ఉందని అర్థం. కూలింది సాఫ్ట్‌వేరో, దాన్ని కూలదోసిన ఏదో ఒక భాగమో. మాస్టారి ల్యాప్‌టాప్ ఈ కోవలోది.

మూడోది గడ్డకట్టడం. బొమ్మ అలాగే నిలిచిపోతుంది, మౌస్ కదలదు, ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గ్రాఫిక్స్, డిస్క్, మెమరీ వైపు చూడాలి.

నాలుగోది అసలు రోగమే కాదు, నిద్ర. బ్యాటరీ బాగా తగ్గిందని లెక్క తేలగానే విండోస్ తెరిచిన పనులన్నీ డిస్కులో దాచుకుని హైబర్నేట్ అవుతుంది. ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే తెరిచిన కిటికీలన్నీ తెరిచినట్టే కనబడతాయి. అలా కనబడితే అది క్రాష్ కాదు. బ్యాటరీ శాతం తప్పుగా చూపడం వల్ల ముందే పడుకుందేమో చూడాలి.

మనిషి జ్ఞాపకాన్ని నమ్మడం కష్టమైతే యంత్రం జ్ఞాపకం ఉంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూస్తే, కెర్నల్-పవర్ పేరుతో 41 అనే సంఖ్య ఉంటుంది. సరిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచానని యంత్రం రాసుకున్న మాట అది. లేచాక రాసుకుంటుంది కాబట్టి దాని పక్కనున్న సమయం ఆగిన సమయం కాదు. ఆగిన సమయం 6008 సంఖ్య ఉన్న వరసలో దొరుకుతుంది. 41 వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అని ఒక గడి ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే యంత్రానికి చివరి మాట చెప్పే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. కరెంటు తెగినప్పుడు అలా జరుగుతుంది. గడ్డకట్టాక మనమే పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా సున్నానే వస్తుంది గనుక ఆ సంగతి విడిగా అడగాలి. సున్నా కాక వేరే సంఖ్య ఉంటే అది నీలం తెర సంకేతం. మాస్టారి లాగ్‌లో 159 ఉంది. పదహారు అంకెల లెక్కలో రాస్తే అదే 9ఎఫ్, డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్. నిద్రకూ మెలకువకూ మధ్య డ్రైవర్ చిక్కుకుపోయిందని దాని భావం.

అమ్మాయి లాగ్‌లో 41లు పదకొండు ఉన్నాయి. అన్నిటిలోనూ సున్నాలే. బటన్ నొక్కావా అంటే లేదంది. నీలం తెర ఎప్పుడూ చూడలేదంది. కాబట్టి ఇక్కడ బందైతది అంటే చీకటి.

ఠక్కున

ఇది క్రియకు విశేషణం. విశేషణాలను అలంకారమనుకుని దాటేస్తాం గాని రిపేరులో కాలాన్ని చెప్పే మాట కంటే విలువైంది లేదు. ఠక్కున అంటే ఎంతలో? ఛార్జర్ పిన్ను ఊడిన క్షణంలోనా, రెండు నిమిషాలకా, అరగంటకా?

పిన్ను ఊడిన క్షణంలోనే పోతే, కరెంటు ఒక దారి నుంచి ఇంకో దారికి మారే చోట లోపం ఉంది. ఛార్జర్ పోగానే బ్యాటరీ దారి తెరుచుకోవాలి. ఆ తలుపులు మాస్‌ఫెట్ అనే చిన్న స్విచ్చులు. బోర్డు మీది కెపాసిటర్లు పట్టి ఉంచగలిగేది కనురెప్పపాటు కంటే చాలా తక్కువ కాలం. తలుపు తెరుచుకోకపోయినా, తెరుచుకున్న దారిలో బ్యాటరీ నిర్జీవంగా ఉన్నా, క్షణంలో చీకటే.

కొన్ని నిమిషాలు నడిచి, పని బరువు పెరిగినప్పుడు పోతే బ్యాటరీలో బలం లేదనుకోవచ్చు. ప్రతిసారీ ఒకే శాతం దగ్గర పోతే శాతం లెక్క తప్పుతోంది. ఒళ్లో నుంచి బల్ల మీదికి మార్చినప్పుడో, అరచెయ్యి ఆనించే చోట నొక్కినప్పుడో పోతే కనెక్టర్ వదులైంది. కింద పడ్డ ల్యాప్‌టాప్‌లలో ఇది తరచూ చూస్తాం. కనెక్టర్ తీసి, శుభ్రం చేసి, మళ్లీ గట్టిగా కూర్చోబెడితే చాలు, కొత్త సామాను ఏమీ అక్కర్లేదు.

ఛార్జర్ తీసిన క్షణం కూడా లాగ్‌లో ఉంటుంది. కెర్నల్-పవర్‌లో 105 అనే సంఖ్య కరెంటు మూలం మారినప్పుడల్లా పడుతుంది. 105కూ, 6008 చెప్పే సమయానికీ మధ్య ఎడం చూస్తే ఠక్కున అనే మాటకు నిమిషాల్లో అర్థం తెలుస్తుంది. అమ్మాయి విషయంలో ఆ ఎడం ఒకసారి నాలుగు నిమిషాలు, ఒకసారి ఇరవై, ఒకసారి రెండు. ‘ఆ టైంల ఏం చేస్తున్నవమ్మా’ అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘వీడియో కాల్‌ల జాయినైనప్పుడే పోతది అన్నా’ అంది. అంతవరకూ ఆ సంబంధం తనకే తట్టలేదు.

నలభై పర్సెంట్

ఈ పదం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

స్కూటర్ ట్యాంకు మూత తీసి చూస్తే పెట్రోలు కనబడుతుంది. బ్యాటరీలో అలా చూడగలిగింది ఏమీ లేదు. ప్యాక్ లోపల ఒక చిప్పు ఉంటుంది. లోపలికి ఎంత కరెంటు వచ్చింది, బయటికి ఎంత పోయింది అని కూడికలూ తీసివేతలూ వేస్తూ, వోల్టేజీని చూసి సరిచూసుకుంటూ, ఒక అంచనా చెబుతుంది. తెర మూలన కనబడే నలభై ఆ అంచనా. ఏడాది పొడవునా ఛార్జర్ మీదే ఉన్న ల్యాప్‌టాప్‌లో చిప్పుకు తన లెక్క సరిచూసుకునే సందర్భం రాదు. ఊళ్లో పెద్ద రైతు పొలానికి పోకుండా ఇంట్లో కూర్చునే పంట లెక్క కట్టినట్టు ఉంటుంది అది.

అంచనా ఎంత పాతబడిందో చూడడానికి విండోస్‌లో ఉచితంగా ఒక దారి ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక నివేదిక తయారవుతుంది. విండోస్ 8 నుంచి ఈ సదుపాయం ఉంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి బలం. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిండా నింపితే పట్టేది. సైకిల్ కౌంట్ అంటే మొత్తం మీద ఎన్ని నిండు ఛార్జీలంత వాడకం జరిగిందో ఆ లెక్క. మ్యాక్‌బుక్‌లో ఇలాంటి సమాచారం సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పవర్ అనే చోట ఉంటుంది. లినక్స్‌లో యూపవర్ అనే ఆదేశం చెబుతుంది.

అమ్మాయి నివేదికలో ఇప్పటి బలం పుట్టినప్పటి బలంలో 73 శాతం అని ఉంది. అది చూసి బ్యాటరీ బాగానే ఉందని తేల్చేయడానికి వీల్లేదు. ఆ 73 కూడా చిప్పు చెప్పిన లెక్కే. పైగా ఎంత దాచుకోగలదో చెప్పింది గాని, ఎంత వేగంగా ఇవ్వగలదో చెప్పలేదు.

శాతం లెక్క మాత్రమే తప్పిందనిపిస్తే దాన్ని సరిచేసే పద్ధతి ఉంది. నిండా ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసి, తేలికపాటి పని మీద పూర్తిగా దిగిపోనిచ్చి, కొన్ని గంటలు వదిలేసి, మళ్లీ ఆపకుండా నిండా ఛార్జ్ చేయాలి. దీనివల్ల బ్యాటరీకి బలం రాదు. చిప్పుకు నిజం తెలుస్తుంది, అంతే.

ఉన్నా

రెండక్షరాల మాట. ఫిర్యాదులో ఆశ్చర్యమంతా ఇందులోనే ఉంది. నలభై ఉన్నా ఎందుకు ఆగాలి?

వీధిలో ఎవరో బోరు మోటార్ వేస్తే మన ఇంట్లో బల్బు మసకబారడం చూడని తెలుగువాళ్లు ఉండరు. కరెంటు పోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మన ఇంటి దాకా ఉన్న తీగ, అంత కరెంటు ఒక్కసారిగా లాగితే వోల్టేజీని మధ్యలోనే తినేస్తుంది. బ్యాటరీ లోపల కూడా అలాంటి అడ్డు ఒకటుంది. దాన్ని అంతర్గత నిరోధం అంటారు. కొత్త బ్యాటరీలో అది తక్కువ. వయసు, వేడి, వాడకం దాన్ని పెంచుకుంటూ పోతాయి.

లెక్క వేసి చూద్దాం. సామాన్యమైన ల్యాప్‌టాప్ ప్యాక్‌లో మూడు లిథియం అయాన్ సెల్లులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక్కోటి నిండా ఉన్నప్పుడు 4.2 వోల్టులు, నలభై శాతం దగ్గర దాదాపు 3.7 వోల్టులు. మూడూ కలిపి 11.1. ఒక్కో సెల్లు 3 వోల్టుల చుట్టుపక్కలకు దిగితే, అంటే మొత్తం 9 అయితే, సెల్లు చెడకుండా ప్యాక్‌లోని రక్షణ బోర్డు కరెంటు కోసేస్తుందనుకుందాం. ఇప్పుడు వీడియో కాల్ మొదలైంది. కెమెరా, వైఫై, ప్రాసెసర్ అన్నీ ఒక్కసారిగా లేచి 45 వాట్లు అడిగాయి.

ప్యాక్ నిరోధం 0.15 ఓమ్‌లైతే, దాదాపు 4.3 ఆంపియర్లు పారి, బయటికి 10.4 వోల్టుల పైచిలుకు వస్తుంది. ఏ ఇబ్బందీ లేదు. నిరోధం 0.5 ఓమ్‌లకు పెరిగిందనుకోండి. వోల్టేజీ తగ్గేకొద్దీ అవే 45 వాట్ల కోసం యంత్రం ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, లాగేకొద్దీ వోల్టేజీ ఇంకా తగ్గుతుంది. చివరికి 5.3 ఆంపియర్ల దగ్గర వోల్టేజీ 8.4కు పడిపోతుంది. తొమ్మిది గీత దాటింది. రక్షణ బోర్డు కోసేసింది. చీకటి. అదే బ్యాటరీ మీద ఉత్తరం టైప్ చేస్తూ కూర్చుంటే, 15 వాట్లే కదా, వోల్టేజీ 10.4 దగ్గర నిలబడుతుంది, గంట నడిచినా నడుస్తుంది. దాచుకున్నది లోపల ఉంది, అడిగినంత వేగంగా బయటికి రాలేకపోయింది.

మూడు సెల్లులూ సమానంగా ముసలివి కావు. బండికి కట్టిన ఎడ్లలో ఒకటి కూలబడితే రెండోదానికి ఎంత సత్తువ ఉన్నా బండి కదలదు. ఏ ఒక్క సెల్లు ముందు అడుగంటినా రక్షణ బోర్డు ప్యాక్ మొత్తాన్నీ ఆపేస్తుంది.

దీన్ని కళ్లారా చూడవచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాం బ్యాటరీ వోల్టేజీని రెండు సెకన్లకోసారి చూపిస్తుంది. అమ్మాయి ల్యాప్‌టాప్‌లో దాన్ని తెరిచి, ఛార్జర్ తీసి, ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఖాళీగా ఉన్నప్పుడు 10.9. బ్రౌజర్ తెరిస్తే 10.5. తను ఫోన్ నుంచి కాల్ చేసి ల్యాప్‌టాప్‌లో ఎత్తింది. 9.8 కనబడింది. కెమెరా వెలిగింది. 9.2. తర్వాత అంకె చూసే అవకాశం రాలేదు. తెర నల్లబడింది, అందులో మా ఇద్దరి ముఖాలు కనబడ్డాయి. శాతం చివరిసారి చూపినది 38.

తీస్తె మాత్రం

‘మాత్రం’ అనే మాట మిగతావాటిని తోసేస్తుంది. ఛార్జర్ తీయడమొక్కటే తేడా అని చెబుతుంది. కానీ ఛార్జర్ తీసిన క్షణంలో మారేవి మూడు. కరెంటు వచ్చే చోటు మారుతుంది. అది నడిచే దారి మారుతుంది. యంత్రం ప్రవర్తన కూడా మారుతుంది. విండోస్ పవర్ సెట్టింగుల్లో చాలావాటికి రెండు గడులుంటాయి, బ్యాటరీ మీద ఒకటి, ఛార్జర్ మీద ఒకటి. బ్యాటరీ మీదికి రాగానే వైఫై పొదుపులోకి పోతుంది, పెద్ద గ్రాఫిక్స్ చిప్పు పక్కకు తప్పుకుని చిన్నది పని అందుకుంటుంది, తెర వెలుగు తగ్గుతుంది, యూఎస్‌బీలు కునుకు తీస్తాయి. మాస్టారి లోపం ఈ మూడో మార్పులో ఉంది. నేను మొదటి మార్పును చికిత్స చేశాను.

ఈ మూడింటినీ విడదీయడానికి రూపాయి ఖర్చు లేని పరీక్షలున్నాయి.

ఒకటి. పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ లేకుండా బ్యాటరీ మీదే ఆన్ చేయాలి. ఆన్ అయి నడిచి, ఛార్జర్ పీకిన క్షణంలో మాత్రమే పోతుంటే దారి మారే చోట లోపం. అసలు ఆన్ కాకపోతే బ్యాటరీ గానీ, కనెక్టర్ గానీ, దారి గానీ.

రెండు. ఆన్ చేస్తూ బయోస్ తెరలోకి వెళ్లి, ఛార్జర్ తీసి అలాగే వదిలేయాలి. అక్కడ విండోస్ లేదు, డ్రైవర్లు లేవు. అక్కడ కూడా ఆగిపోతే సాఫ్ట్‌వేర్ నిర్దోషి. బయోస్‌లో పని బరువు తక్కువ గనుక అక్కడ నిలబడినంత మాత్రాన బ్యాటరీ నిర్దోషి అని మాత్రం తేలదు.

మూడు. లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, బ్యాటరీ మీద వీడియో నడపాలి. అక్కడా ఆగితే హార్డ్‌వేర్. అక్కడ నడిచి విండోస్‌లోనే ఆగితే డ్రైవర్లు, సెట్టింగులు.

నాలుగు. పవర్ ఆప్షన్స్‌లో బ్యాటరీ గడిలో మాగ్జిమం ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి తగ్గించాలి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది గాని, చాలా ల్యాప్‌టాప్‌లలో దాంతో ప్రాసెసర్ టర్బో ఆగిపోతుంది. ఉన్నట్టుండి కరెంటు లాగే ఎగుడు పోతుంది. ఇలా చేశాక ఆగడం తగ్గితే, బ్యాటరీ బరువు మోయలేకపోతోందని గట్టి సాక్ష్యం.

ఐదు. నీలం తెర వస్తున్న యంత్రానికి దీని తిరుగుడు పరీక్ష చేయాలి. బ్యాటరీ గడిలోని సెట్టింగులన్నీ ఛార్జర్ గడిలో ఉన్నట్టే పెట్టాలి. వైఫై పొదుపు తీసేయాలి. ఆగడం మానితే ఒక్కొక్కటీ వెనక్కి పెట్టుకుంటూ దొంగను పట్టుకోవచ్చు.

అమ్మాయి యంత్రం లినక్స్‌లోనూ వీడియో మొదలుపెట్టగానే ఆగింది. 99 పెట్టాక విండోస్‌లో అరగంట కాల్ నిలబడింది. ఇక అనుమానం మిగల్లేదు.

ఛార్జర్

పేరు ఛార్జర్ గాని ఇది ముందు యంత్రానికి అన్నం పెట్టి, మిగిలింది బ్యాటరీకి పెడుతుంది. 19.5 వోల్టులో, టైప్-సీ అయితే ఎక్కువగా 20 వోల్టులో ఇస్తుంది. అది ఉన్నంతసేపూ ముసలి బ్యాటరీ మీద బరువు దాదాపు పడదు. అందుకే ఛార్జర్ మీద నడవడం ఛార్జర్‌కూ బోర్డుకూ మంచి పేరు తెస్తుంది గాని, బ్యాటరీ గురించి ఏ సాక్ష్యమూ చెప్పదు. ఇంకో సంగతి: తక్కువ వాట్ల ఛార్జర్ పెడితే బ్యాటరీ నిండకపోవచ్చు, పెద్ద పని పడినప్పుడు బ్యాటరీ నుంచి కూడా కొంత లాగే యంత్రాలున్నాయి. వాట్లు ఎంతో లేబుల్ మీద చూడాలి.

పెట్టినంతసేపు

ఎంతసేపు పెట్టి ఉంచుతావమ్మా అంటే, ‘ఎప్పుడూ పెట్టే ఉంటది అన్నా’ అంది. హాస్టల్ గదిలో, కిటికీ పక్కన, పరుపు మీద. లిథియం సెల్లుకు రెండు కష్టాలు కలిసి వస్తే త్వరగా ముసలితనం వస్తుంది. ఒకటి నిండు వోల్టేజీ దగ్గరే నెలల తరబడి ఉండడం, రెండోది వేడి. మన ఎండాకాలంలో గది వేడికి పరుపు ఉక్క తోడైతే సెల్లులు లోపల ఎంత వేగుతాయో ఊహించుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీలకు మించని చోట వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో ఆ మాట నిలబెట్టుకోవడం మన ఊళ్లలో కష్టం. కనీసం పరుపు మీద నుంచి బల్ల మీదికి మార్చవచ్చు. ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఇప్పుడు చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఉంది, దాన్ని పెట్టుకోవచ్చు.

మంచిగనే నడుస్తది

ఈ మాటను ఒక్కసారి పరీక్షించి వదిలేయాలి. ఛార్జర్ మీద కూడా అప్పుడప్పుడూ ఆగుతోందా? మెమరీ పరీక్ష నెగ్గిందా? ఛార్జర్ మీద కూడా తప్పితే ఫిర్యాదే మారిపోతుంది. అమ్మాయిది నిజంగానే మంచిగా నడుస్తోంది.

కొత్త బ్యాటరీ

ఇంత దూరం నడిచాక ఈ పదానికి హక్కు వచ్చింది. కొనేటప్పుడు పాత ప్యాక్ లేబుల్ ఫోటో తీసి వెంట తీసుకెళ్లాలి. పార్ట్ నంబరు, వోల్టేజీ, వాట్-అవర్లు మూడూ చూడాలి. 11.1 వోల్టుల చోట 14.8 వోల్టుల ప్యాక్ పనికిరాదు. తయారైన తేదీ కూడా అడగాలి, ఎందుకంటే అరలో ఉన్నా సెల్లుకు వయసు పెరుగుతుంది. వేసుకున్న రోజే బ్యాటరీ రిపోర్ట్ తీసి దాచుకోవాలి, రేపు పోల్చి చూసుకోవడానికి.

పాతదాని గురించి ఒక హెచ్చరిక. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కింది మూత బల్ల మీద ఆనకుండా ఊగినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ క్షణం నుంచి ఛార్జర్ పెట్టకూడదు. పొడవకూడదు, నొక్కి చదును చేయకూడదు, విప్పి సెల్లులు తీయకూడదు. చెత్తబుట్టలో వేయకూడదు, పాత ఇనుప సామాను బండికి ఇవ్వకూడదు. వాడేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకుండా విడిగా అప్పగించాలని 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. ఆ ప్యాక్ పేలి మండితే చెత్త ఏరుకునే పిల్లల చేతులు కాలతాయి. మన ఇంట్లో లేకుండా పోయిన ప్రమాదం ఇంకొకరి ఇంటికి పోకూడదు.

వెయ్యి

ఇక్కడ శ్లేష ఉంది. వెయ్యి అంటే అమర్చమని ఆజ్ఞ, వెయ్యి అంటే పది వందలు. పరీక్ష చేయకుండా ఆ ఆజ్ఞ పాటిస్తే ఇలాంటి వెయ్యిలు రెండో మూడో నాలుగో పోతాయి. హాస్టల్ ఫీజు కట్టే తండ్రికి, నెల జీతం మీద బతికే మాస్టారికి అది చిన్న మొత్తం కాదు. చెయ్యమని అడిగింది చేసేయడం మాకు సులువు. చెయ్యాల్సిన పనేనా అని చూసి చెప్పడం మా వృత్తి. రెండో దానికే మేం డబ్బు తీసుకోవాలి.

తాత్పర్యం

ఛార్జర్ తీస్తే ల్యాప్‌టాప్ ఆగిపోవడం ఒకే గుర్తు, దాని వెనక రోగాలు అనేకం. ముందు ఎలా ఆగిందో చూడాలి, తర్వాత ఎప్పుడు ఆగిందో, ఆ తర్వాత ఏ బరువు మీద ఆగిందో. శాతాన్ని అంచనాగా తీసుకోవాలి, వోల్టేజీని సాక్షిగా పిలవాలి. సాఫ్ట్‌వేర్‌నూ హార్డ్‌వేర్‌నూ విడదీశాకే జేబులో చెయ్యి పెట్టాలి.

అమ్మాయికి కొత్త బ్యాటరీ వేశాను. ఆమె చెప్పిన తీర్పే చివరికి సరైందని తేలింది. అయినా ఆ గంటన్నర వృథా పోలేదని నాకు కొన్ని నెలల తర్వాత తెలిసింది. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి ఫోన్ చేసి, మాట ముగించే ముందు ఇలా అంది:

“అన్నా, మా తమ్ముని ల్యాప్‌టాప్ గిట్లనే చేస్తుంది. ఛార్జర్ తీసినంక పది నిమిషాలకు నీలం తెర వస్తది. బయోస్‌ల గంట పెట్టి చూసిన, ఆగలే. లాగ్‌ల 159 ఉంది. బ్యాటరీ జోలికి పోలే.”

ఆ వాక్యంలో నేను విప్పి చెప్పాల్సిన పదం ఒక్కటీ లేదు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, వైఫై కార్డు ఏ కంపెనీదో అడిగాను.